సొంత విమానమా, టికెట్టు విమానమా?

పుంగనూరులో ఒక ఇంటి పెట్టెలో దొరికిన ఛాయాచిత్రమిది. కోటు, తలపాగా ధరించిన పెద్దమనిషి విమానం లోపల కూర్చొని ఉన్నాడు. వెనుక సిరాతో "మహారాజావారి సొంత విమానములో" అని వ్రాసి ఉన్నది. ఏ మహారాజో లేదు, సంవత్సరం లేదు. ఎనభై దాటిన ఆయన కుమార్తె, "ఇది నిజమేనా అయివోరూ, చూసి చెప్పండి" అంటూ మదనపల్లెకు, నాకు, పంపింది.

వెలుపలి బొమ్మ అయితే 'వీటీ'తో మొదలయ్యే గుర్తింపు అక్షరాలుంటాయి. (వీటీ అంటే వైస్రాయి టెరిటరీ అనడం జనం పుట్టించిన వ్యుత్పత్తి. బ్రిటిషు సామ్రాజ్యానికి కేటాయించిన 'వీ' వరుసలోని జంట అక్షరాలవి, అంతే.) లోపలి బొమ్మకు ఆ ఆధారం లేదు. కర్త పేరున్న ఆకు రాలిపోయిన తాళపత్ర గ్రంథానికి లిపినిబట్టి కాలం కట్టినట్లు, ఇక్కడ కిటికీని, నేలను, కుర్చీని పట్టుకోవాలి.

1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా తెచ్చిన పుస్‌మాత్‌లో మనిషి ఒదిగి కూర్చోవలసిందే. అక్కడినుండి నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు దాన్ని చేర్చాడు. ఫాక్స్‌మాత్‌లో చోదకుడు ప్రయాణికుల గదికి వెనుక, ఆరుబయట కూర్చుంటాడు. డ్రాగన్ ర్యాపిడ్ కిటికీలోంచి రెండంతస్తుల రెక్కల నడిమి కమ్ములు కనిపిస్తాయి.

మన బొమ్మలో ఇవేవీ లేవు. వెనుక ఒక మనిషి నిలువునా నిలిచి ఉన్నాడు, అంటే పెద్ద విమానం. అయితే నేలతో పోల్చి చూస్తే అతడు ఒరిగినట్లున్నాడు. ఒరిగింది మనిషి కాదు, నేల! డకోటాకు చిన్న చక్రం తోకక్రింద ఉంటుంది. నేలమీద నిలిచినప్పుడు ముక్కు పైకి లేచి, లోపలి దారి గుట్ట ఎక్కినట్లుంటుంది. కిటికీ అద్దం నడుమ గుండ్రని రంధ్రం మరింత గట్టి సాక్ష్యం. సైనికులు తుపాకి గొట్టం బయటపెట్టడానికి చేసిన ఏర్పాటది. యుద్ధానంతరం అమ్మివేసిన సైనిక డకోటా అన్నమాట.

అంతమాత్రాన సొంత విమానం కాదనలేము, సంస్థానాధీశులూ డకోటాలు కొన్నారు. తేల్చింది కుర్చీలే. ఒక ప్రక్క రెండు, మరొక ప్రక్క ఒకటి, అన్నీ ఒకే అచ్చు, వరుసగా. రాజుగారికి సోఫా, బల్ల, ఎదురెదురు ఆసనాలు కావాలిగాని ఇన్ని కుర్చీలెందుకు? నిజాం ప్రభుత్వం, టాటాలు కలసి 1945లో స్థాపించగా 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్ వంటివి నడిపినవి ఇటువంటి డకోటాలే.

(కుప్పం మిత్రుడొకరు చూపిన మరొక 'విమానం' బొమ్మలో కిటికీకి చెక్క పలకల రెప్పలున్నాయి. అది రైలుపెట్టె. మద్రాసు–బెంగుళూరు రైలుదారిలోని ఊరు కదా!)

పుంగనూరు వెళ్ళి ఆమెకు ఈ సంగతి చెప్పడానికి సంకోచించాను. తండ్రి చేవ్రాలును కాదనడం సులువా? ఆమె చాలాసేపు బొమ్మ చూచింది. "అట్లయితే మా నాయన దుడ్డు పెట్టి టికెట్టు కొనుక్కోని ఎక్కినాడన్నమాట. రాజు దయ గాదు గదా?" అన్నది. కాదన్నాను. "నాయన రాసింది కొట్టేయబాకండి అయివోరూ, కింద రాయండి" అని పెన్సిలు అందించింది.

"డకోటా. టికెట్టు విమానము" అని వ్రాసి ఇచ్చాను.