'నిజమైన కథ' అనే ఒప్పందం: 'డ్రాగ్‌నెట్' రేడియో నాటకాలలో సాయుధ దోపిడీదారు వేట

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగర పోలీసుల నేరపరిశోధనను ఆధారం చేసుకొన్న 'డ్రాగ్‌నెట్' రేడియో నాటక పరంపర 1949 జూన్ 3న ఎన్.బి.సి. ద్వారా ప్రసారం కావడం మొదలైంది. 1957 ఫిబ్రవరి వరకు అది శ్రోతలకు వినిపించింది; చివరి దశలో వచ్చినవి పునఃప్రసారాలు. నీటి అడుగున ఈడ్చుకొంటూ పోయే పెద్ద వలకు ఆంగ్లంలో ఉన్న పేరే ఈ శీర్షిక. పోలీసు పరిభాషలో, నేరస్థుడు తప్పించుకోగల దారులన్నీ మూసి సాగించే గాలింపు అని దీనికి అర్థం. ప్రతి నాటకమూ ఒక ప్రకటనతో ఆరంభమవుతుంది: వినబోయేది నిజమైన కథ, నిరపరాధుల రక్షణ కోసం పేర్లు మాత్రమే మార్చబడ్డాయి. రేడియో నాటక చరిత్రలో ఇంత ప్రసిద్ధి పొందిన ప్రతిజ్ఞ మరొకటి లేదు. పేర్లతో పాటు ఇంకేమి మారింది, ఆ మార్పు ఎవరికి ఉపకరించింది అన్న ప్రశ్నలకు ఈ నాటకాలలో తరచుగా కనిపించే సాయుధ దోపిడీదారు పాత్ర ద్వారా సమాధానం వెతకవచ్చు.

పూర్వరంగం

పోలీసులూ రేడియో కలిసి పనిచేయడం 'డ్రాగ్‌నెట్'తో మొదలు కాలేదు. గస్తీ వాహనాలకు రేడియో ద్వారా సమాచారం పంపే పద్ధతి 1930ల ఆరంభంలో లాస్ ఏంజెలిస్‌లో అమలుకు వచ్చింది. దానినే నాటకీకరించిన 'కాలింగ్ ఆల్ కార్స్' 1933 నుండి 1939 వరకు నడిచింది. పోలీసు వైర్‌లెస్‌లో నిజంగా ప్రకటనలు చదివే జెస్సీ రోజెన్‌క్విస్ట్ గొంతు అందులో వినిపించేది. నగర పోలీసు అధిపతి జేమ్స్ డేవిస్ స్వయంగా ఉపోద్ఘాతం చెప్పేవాడు. ఒక చమురు కంపెనీ దానికి ప్రాయోజకుడు. 1936లో ఫిలిప్స్ లార్డ్ నిర్మించిన 'గ్యాంగ్ బస్టర్స్' వచ్చింది. తుపాకుల మోత, సైరన్ల కేక, బూట్ల చప్పుడు దాని ఆరంభ సంకేతాలు. వాటిలో దోపిడీదారు ఒక ఉత్పాతం, పోలీసు ఆ ఉత్పాతంపై విరుచుకుపడే పిడుగు. మాటకన్నా మోతకే విలువ ఎక్కువ.

'డ్రాగ్‌నెట్' సృష్టికర్త, ప్రధాన నటుడు జాక్ వెబ్ (1920–1982) మరొక సంప్రదాయం నుండి వచ్చాడు. 'పాట్ నొవాక్ ఫర్ హైర్', 'జానీ మెడేరో', 'జెఫ్ రీగన్' వంటి ధారావాహికలలో అతడు పోషించినవి పెడసరపు మాటకారులైన స్వతంత్రుల పాత్రలు. ఆ నాయకులకు పోలీసులంటే గౌరవం ఉండదు, ప్రతి వాక్యంలోనూ ఒక ఉపమానం ఉంటుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ను ఎరిగిన తెలుగు పాఠకుడికి ప్రైవేటు డిటెక్టివ్ ఆకర్షణ ఏమిటో వేరుగా చెప్పవలసిన అవసరం లేదు. ఆ ఆకర్షణను వెబ్ కావాలనే వదులుకున్నాడు. అతని సార్జెంట్ జో ఫ్రైడే జీతానికి పనిచేసే ఉద్యోగి. అతనికి అలంకారాలు తెలియవు.

వాకర్ కేసు

ఈ మార్పుకు ప్రేరణ 1948 నాటి 'హి వాక్డ్ బై నైట్' చలనచిత్రం. అందులో వెబ్ పోలీసు ప్రయోగశాల నిపుణుడిగా చిన్న వేషం వేశాడు. చిత్రానికి సాంకేతిక సలహాదారుగా వచ్చిన సార్జెంట్ మార్టీ విన్‌తో ఏర్పడిన పరిచయం అతనికి కొత్త ఆలోచననిచ్చింది. అసలు పోలీసు దస్త్రాలనుండి, అసలు పోలీసులు మాట్లాడే తీరులో నాటకాలు రాయవచ్చు కదా అన్నదే ఆ ఆలోచన. ఇంతవరకు రేడియో చరిత్రకారులందరూ చెప్పే మాటే. చిత్రానికి మూలమైన కేసును కూడా పక్కన పెట్టుకొని చూస్తే విషయం మరింత లోతుగా కనబడుతుంది.

ఆ కేసులో నేరస్థుడు ఎర్విన్ వాకర్. యుద్ధానికి ముందు అతడు లాస్ ఏంజెలిస్ పక్కనే ఉన్న గ్లెండేల్ పట్టణ పోలీసు శాఖలో రేడియో విభాగపు ఉద్యోగి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపంలో పనిచేశాడు. అక్కడ జపాన్ సైనికుల ఆకస్మిక దాడిలో తోటివారు మరణించడానికి తానే కారణమన్న భావం అతడిని వదలలేదు. తిరిగివచ్చాక సైనిక గోదాము నుండి ఆయుధాలు దొంగిలించి వరుసగా దొంగతనాలు, దోపిడీలు సాగించాడు. 1946 జూన్‌లో లోరెన్ రూజ్‌వెల్ట్ అనే రహదారి గస్తీ అధికారిని కాల్చి చంపాడు. నగరం కింద ఉన్న వాననీటి సొరంగాల గుండా పోలీసులనుండి తప్పించుకునేవాడు. ఆ ఏడాది డిసెంబరులో దొరికాడు. యుద్ధాలను అసాధ్యం చేసే ఒక యంత్రం నిర్మించడానికి డబ్బు కావాలన్నది అతడు చెప్పిన కారణం.

పోలీసుల పద్ధతులు తెలిసినవాడు, వారి రేడియోను నడిపినవాడు, దేశం కోసం పోరాడి చిత్తస్థైర్యం కోల్పోయినవాడు. ఇంతకన్నా నాటకీయమైన ప్రతినాయకుడు రచయితకు దొరకడు. చిత్రంలో అతని పాత్ర చివరకు సొరంగంలో పోలీసు తూటాలకు చనిపోతుంది. నిజానికి వాకర్ ప్రాణాలతో పట్టుబడ్డాడు. మరణశిక్ష పడింది. 1949 ఏప్రిల్‌లో, శిక్ష అమలుకు కొద్దిసేపటి ముందు, ఆత్మహత్యకు ప్రయత్నించాడు. మతి చలించినవాడని నిర్ణయించి ఆసుపత్రికి పంపారు. 'డ్రాగ్‌నెట్' మొదటి ప్రసారం ఆ తరువాత రెండు నెలలలోపే జరిగింది. చిత్రంలో ముగిసిన కథ న్యాయస్థానాలలో ఇంకా నడుస్తూనే ఉంది.

వినిపించని గొంతు

నాటక నిర్మాణానికి వస్తే, 'డ్రాగ్‌నెట్' ఆరంభం ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. వారం, తేదీ, వాతావరణం, ఆనాడు పనిచేస్తున్న విభాగం (దోపిడీలు, హత్యలు, ఇళ్ల దొంగతనాలు, ఏదైనా కావచ్చు), తోటి ఉద్యోగి పేరు, పై అధికారి పేరు. ఆ తరువాత తన పేరు. పోలీసు డైరీలోని పై వరుసలను యథాతథంగా చదివినట్లే ఉంటుంది. శ్రోతకు సూత్రధారుడు దొరికాడు, కాని ఆ సూత్రధారుడు కథకు రంగులద్దడు, భయపెట్టడు, ఊరించడు. ప్రమాదకరమైన దోపిడీదారు నగరంలో తిరుగుతున్నాడన్న సమాచారాన్నీ, ఆ ఉదయం చలిగా ఉందన్న సమాచారాన్నీ ఒకే స్థాయి గొంతుతో చెబుతాడు.

ఇక దోపిడీదారు. అతడు చాలాసేపు నాటకంలో కనిపించడు. కనిపించడు అనడం కన్నా వినిపించడు అనడం సరి. మద్యం దుకాణం గుమాస్తా అతని ఎత్తు చెబుతాడు. పక్కింటి ఆవిడ టోపీ రంగు చెబుతుంది. ఇంకొకరు పిస్తోలు ఎలాంటిదో చెబుతారు, ఇద్దరు చెప్పినదీ ఒకటి కాదు. సాక్షి ఎంతసేపూ తన కీళ్లనొప్పుల గురించే మాట్లాడితే ఫ్రైడే ఓపికగా విని మళ్లీ ప్రశ్న దగ్గరకు తీసుకువస్తాడు. (వాస్తవాలు మాత్రమే చెప్పమని అతడు ఆడవారితో అంటాడని లోకప్రసిద్ధమైన వాక్యం ఒకటుంది. ఆ రూపానికి ప్రచారం తెచ్చినది 1953లో స్టాన్ ఫ్రీబర్గ్ చేసిన వ్యంగ్యానుకరణ.) ఈ ముక్కలనుండి శ్రోత మనసులో ఒక మనిషి క్రమంగా రూపు కడతాడు. అతడు మనిషికన్నా ముందు ఒక వర్ణన పత్రం. ఎత్తు, బరువు, జుట్టు, ఆయుధం. చివరి రెండు మూడు నిమిషాలలో తలుపు తెరుచుకున్నప్పుడు గాని అతని గొంతు వినబడదు. అప్పుడు కూడా మాట్లాడనిచ్చేది కొన్ని వాక్యాలే.

శ్రవ్య నాటకంగా ఇది అసాధారణ విజయం అనక తప్పదు. భయాన్ని మోతతో కాక మౌనంతో కల్పించారు. మెట్లమీద అడుగులు, టెలిఫోను తిప్పే చప్పుడు, అవతలి గొంతు కోసం నిరీక్షణ, కారులో కూర్చుని గడిపే రాత్రి: ఇవే కథాంశాలు. ఆ రాత్రుల్లో తోటి డిటెక్టివ్ బెన్ రొమేరో తన సంసారం గురించీ ఒంట్లో నలత గురించీ మాట్లాడుతుంటాడు. ఆ పాత్ర పోషించిన బార్టన్ యార్‌బరో గొంతులోని టెక్సస్ యాస ఫ్రైడే శుష్క వాక్యాలకు తడి ఇచ్చింది. ఆరంభ కాలపు ప్రధాన రచయిత జేమ్స్ మోజర్ సంభాషణలలో ఎవరూ తెలివిగా మాట్లాడరు. ఇది కళ లేకపోవడం అని కొందరు పొరబడ్డారు. కళ లేనట్లు వినిపించడానికి పట్టిన శ్రమ చిన్నది కాదు.

ఈ నిర్మాణానికి ఉన్న బలం 1949 డిసెంబరు 22న ప్రసారమైన 'ఎ .22 రైఫిల్ ఫర్ క్రిస్మస్' నాటకంలో తెలుస్తుంది. తప్పిపోయిన పిల్లల కోసం వెతుకులాట అది. పండుగ కానుకగా దాచిన తుపాకీ బాలుడి చేతికి ముందే అందింది, అతని స్నేహితుడు చనిపోయాడు. నేరస్థుడు లేడు, వల మాత్రం అదే. వేటకు దోపిడీదారు తప్పనిసరి కాదని తేలినప్పుడు, మిగిలిన నాటకాలలో దోపిడీదారుకు ఎంత తక్కువ చోటు ఇచ్చారో స్పష్టమవుతుంది. వాకర్ వంటివాడి యుద్ధజ్ఞాపకాలు ఆ చోటులో ఇమడవు. ఫ్రైడే కథకుడు, ఫ్రైడేకు తెలియనిది శ్రోతకు తెలియదు, ఫ్రైడే అడగనిది నాటకంలో లేదు.

ఒప్పందంలోని రెండవ పక్షం

దస్త్రాలు ఇచ్చినందుకు పోలీసు శాఖ ప్రతిఫలం పొందింది. ప్రసారానికి ముందు నాటక ప్రతులను శాఖ పరిశీలించేది; ప్రతి నాటకం చివర పోలీసు అధిపతి కార్యాలయానికీ సాంకేతిక సలహాదారులకూ కృతజ్ఞత ప్రకటించేవారు. ఆ కృతజ్ఞత అవసరమైన కాలం అది. 'డ్రాగ్‌నెట్' మొదలైన జూన్ నెలలోనే, వ్యభిచార గృహాల నిర్వాహకురాలు బ్రెండా అలెన్‌తో పోలీసుల లావాదేవీలు బయటపడి, అధిపతి క్లెమెన్స్ హొరాల్ పదవి నుండి తప్పుకున్నాడు. నావికాదళ అనుబంధ సైన్యాధికారి విలియం వోర్టన్ తాత్కాలికంగా పగ్గాలు చేపట్టాడు. 1950 ఆగస్టులో విలియం పార్కర్ వచ్చి 1966లో మరణించేవరకు కొనసాగాడు. క్రమశిక్షణ, లంచగొండితనంపై కాఠిన్యం అతని ప్రతిష్ఠకు కారణాలు. ఆ ప్రతిష్ఠను ఇంటింటికీ మోసినవి ఫ్రైడే గొంతు, వాల్టర్ షూమన్ కూర్చిన ఆరంభ సంగీతంలోని నాలుగు స్వరాలు.

1951 డిసెంబరు చివరి రెండు వారాలు ఈ బంధాన్ని అర్థం చేసుకోవడానికి చాలు. ఆ నెల 16న 'డ్రాగ్‌నెట్' తొలిసారి టెలివిజన్‌లో కనిపించింది. 19న యార్‌బరో గుండెపోటుతో మరణించాడు. 25న, క్రిస్మస్ వేకువను, లాస్ ఏంజెలిస్ కేంద్ర కారాగారంలో మద్యం సేవించిన పోలీసులు ఏడుగురు యువకులను తీవ్రంగా కొట్టారు. వారిలో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు. 27న రేడియోలో 'ది బిగ్ సారో' ప్రసారమైంది. నటుడితోపాటు రొమేరో పాత్రనూ చనిపోనిచ్చి, ఆ దుఃఖాన్ని నిరాడంబరంగా చెప్పిన నాటకం అది. ఒక పోలీసు మరణానికి దేశమంతా విచారించిన ఆ వారంలో ఆ కారాగారపు సంగతి బయటి ప్రపంచానికి తెలియదు. పత్రికలు వెల్లడించిన తరువాత 8 మందిపై నేరారోపణ జరిగింది, 5 మందికి శిక్ష పడింది, 39 మందిని సస్పెండ్ చేశారు, 54 మందిని బదిలీ చేశారు. ఇదీ పోలీసు దస్త్రమే. దోపిడీదారు దస్త్రం నాటకమయ్యే దారి తెరిచే ఉంది. ఈ దస్త్రానికి ఆ దారి లేదు. 1965 ఆగస్టులో వాట్స్ ప్రాంతంలో 34 మంది మరణించిన అల్లర్ల తరువాత గాని, ఆ నగర పోలీసుల గురించి నల్లజాతివారూ మెక్సికన్ సంతతివారూ ఏళ్లుగా చెబుతున్నది మిగిలిన దేశానికి వినబడలేదు.

కనుక 'నిజమైన కథ' అన్నది అబద్ధమని తోసిపుచ్చడం తొందరపాటే. ఆయా నాటకాలలోని కేసులు నిజమైనవి, పోలీసుల అలసట నిజమైనది, సాక్షుల తడబాటు నిజమైనది. ఏ నిజాన్ని ఎంచుకోవాలి, ఎక్కడ ముగించాలి అన్నవి మాత్రం నాటకకర్త, పోలీసు శాఖ కలిసి తీసుకున్న నిర్ణయాలు. నాటకం చివర ప్రకటించే న్యాయస్థాన తీర్పు ఇందుకు మంచి తార్కాణం. ఫలానా తేదీన విచారణ, ఫలానా శిక్ష. ఆ వాక్యంతో నేరస్థుడి జీవితం ముగిసినట్లే. వాకర్ జీవితం అలా ముగియలేదు. అతని మరణశిక్ష తరువాతి కాలంలో యావజ్జీవంగా మారింది, న్యాయపోరాటం సాగింది, 1974లో అతడు పెరోల్‌పై విడుదలయ్యాడు. రూజ్‌వెల్ట్ కుటుంబానికి అది ఎలా ఉండి ఉంటుందో, వాకర్‌కు ఎలా ఉండి ఉంటుందో ఊహించడానికి అరగంట నాటకం చాలదు.

జాక్ వెబ్ 1982 డిసెంబరు 23న మరణించాడు. ఫ్రైడే ధరించిన 714 సంఖ్య గల బ్యాడ్జిని ఇకపై ఎవరికీ ఇవ్వబోమని లాస్ ఏంజెలిస్ పోలీసు శాఖ ప్రకటించింది.