ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం: చిత్తూరు ప్రాంతంలో సమతుల్యత సాధన చరిత్ర

1. పరిచయం

"ఒళ్ళు దగ్గర పెట్టుకొని నడువు" అని పెద్దలు పిల్లలను హెచ్చరిస్తారు. జాగ్రత్తగా ఉండమని దాని అర్థం. అయితే ఆ మాటలో మరో సంగతి కూడా ఉంది. మన ఒళ్ళు ఎల్లప్పుడూ మన ఎరుకలో ఉండదు. దానిని ఎరుకలోకి తెచ్చుకోవాలి. కాళ్ళూ చేతులూ ఏ స్థితిలో ఉన్నాయి, బరువు ఏ పాదం మీద పడుతోంది అనే ఎరుకను శరీర స్పృహ అంటాం. ఒరిగిపోకుండా నిలబడగలగడం, నడవగలగడం సమతుల్యత. ఇవి పుట్టుకతో వచ్చే గుణాలా, లేక నేర్చుకుంటే వచ్చే విద్యలా? ఒకసారి పోగొట్టుకున్నవారు వీటిని తిరిగి పొందగలరా? 20వ శతాబ్దంలో చిత్తూరు ప్రాంతంలోని ఒక పాఠశాల, కొన్ని ఆసుపత్రులు ఈ ప్రశ్నలకు వేర్వేరు దారులలో సమాధానం వెతికాయి. ఆ చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

చిత్తూరు ప్రాంతం అన్న మాటను ఇక్కడ విశాలార్థంలో వాడుతున్నాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. వెల్లూరు కూడా ఆ జిల్లాలోనిదే. అప్పటిదాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లె 1911లో కొత్త జిల్లాలో చేరి, 2022 వరకు అందులోనే కొనసాగింది.

2. సమతుల్యతకు మూడు ఆధారాలు

మనిషి నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం అందాలి. అవి కళ్ళు, లోపలి చెవి, కండరాలలోనూ కీళ్ళలోనూ చర్మంలోనూ ఉండే నాడులు. 1840లలో జర్మన్ వైద్యుడు రోంబర్గ్ ఒక సంగతి గమనించాడు. వెన్నుపాము దెబ్బతిన్న రోగులు కళ్ళు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలుగుతున్నారు. కళ్ళు మూసుకోగానే తూలిపోతున్నారు. పాదాలు పంపవలసిన సమాచారం అందనందువల్ల వారు చూపు మీదే ఆధారపడి నిలబడుతున్నారన్నమాట. రెండు పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూయించి చూసే రోంబర్గ్ పరీక్షను వైద్యులు నేటికీ వాడుతున్నారు. 1906లో ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు షెర్రింగ్టన్ కండరాలు, కీళ్ళ నుంచి వచ్చే ఈ ఎరుకకు ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు.

పేరు తెలియకపోయినా ఈ ఎరుకను పెంచే సాధనలు మన పల్లెల్లో ముందునుంచే ఉన్నాయి. కోలాటంలో, చెక్కభజనలో అడుగు తప్పకుండా తిరగడానికి కావలసింది ఇదే. అయితే వాటిని ఎవరూ వ్యాయామంగా లెక్కించలేదు.

3. బలప్రదర్శన, డ్రిల్లు

20వ శతాబ్ది ఆరంభంలో దేహసాధన అంటే ముఖ్యంగా బలసాధన. తెలుగువారిలో దీనికి గొప్ప ఉదాహరణ కోడి రామమూర్తి నాయుడు (1882–1942). ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకోవడం, కదలబోయే కారును ఆపడం వంటి ప్రదర్శనలతో ఆయన కలియుగ భీముడిగా పేరు పొందాడు. పరాయి పాలనలో, భారతీయులు బలహీనులన్న నిందకు ఆ ప్రదర్శనలు జవాబుగా నిలిచాయి. మరోవైపు పాఠశాలల్లో డ్రిల్లు ప్రవేశించింది. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాక, శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయులు దక్షిణాది పాఠశాలలకు రావడం మొదలైంది.

ఈ రెండు పద్ధతులకూ చారిత్రక ప్రయోజనం ఉంది. కానీ ఒకదానిలో చూసేవారి మెప్పు, రెండవదానిలో ఆజ్ఞ ముఖ్యం. చేసేవాడు తన శరీరాన్ని తాను గమనించుకోవడం రెండింటిలోనూ వెనకబడింది.

4. రిషివ్యాలీ: గమనించడమే సాధన

ఈ దృష్టి మారడంలో జిడ్డు కృష్ణమూర్తి పాత్రను గుర్తించాలి. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆయన చిన్నతనంలో మలేరియాతో చాలా బాధపడ్డాడు. 1920లలో మదనపల్లె సమీపంలోని లోయలో, ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న చోట, ఆయన ప్రేరణతో భూమి సేకరించారు. 1930ల నాటికి అక్కడ రిషివ్యాలీ పాఠశాల రూపుదిద్దుకుంది.

1940ల చివర పుణెలో కృష్ణమూర్తికి బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) ఆసనాలు నేర్పాడు. చిత్తూరు జిల్లా సరిహద్దున ఉన్న కోలారు జిల్లాలో, బెల్లూరులో పుట్టిన అయ్యంగార్ కూడా బాల్యంలో మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కిపోయినవాడే. మైసూరులో తన బావగారైన తిరుమలై కృష్ణమాచార్య దగ్గర యోగం నేర్చుకున్నాడు. తర్వాతి కాలంలో ఆయన గోడ, కుర్చీ, తాడు, చెక్కదిమ్మ వంటి ఆధారాలతో ఆసనాలు చేయించే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఒంటికాలి మీద నిలబడలేనివారు గోడ ఆసరాతో వృక్షాసనం వేయవచ్చు. పడతామన్న భయం తగ్గినప్పుడే పాదం చెప్పేది వినగలం. ఆసరా తీసుకోవడం ఓటమి కాదని, అది నేర్చుకునే పద్ధతి అని ఈ మార్పు చెప్పింది.

1965 నుంచి మద్రాసులో కృష్ణమూర్తికి కృష్ణమాచార్య కుమారుడు టి.కె.వి. దేశికాచార్ యోగం నేర్పాడు. అప్పటికి శిష్యుడికి 70 ఏళ్ళు; ఇంజనీరింగ్ చదివిన గురువుకు 27 ఏళ్ళు. మనిషిని ఆసనానికి తగినట్టు వంచడం కాదు, ఆసనాన్ని మనిషికి తగినట్టు మార్చాలన్నది దేశికాచార్ బోధనకు పునాది. 1976లో ఆయన మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరాన్ని నెలకొల్పాడు.

కృష్ణమూర్తి ఏళ్ళ తరబడి ఆసనాలు వేశాడు. అయినా వాటివల్ల జ్ఞానోదయం కలుగుతుందని ఒప్పుకోలేదు. అవి దేహాన్ని చురుకుగా, ఆరోగ్యంగా ఉంచుతాయన్నంతవరకే ఆయన అంగీకారం. రిషివ్యాలీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఎలా కూర్చుంటున్నారో, ఎలా నడుస్తున్నారో, ఎలా చూస్తున్నారో గమనించమని చెప్పేవాడు. సాయంకాలం పిల్లలంతా ఒకచోట మౌనంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూసే అస్తాచల్ అక్కడి దినచర్యలో భాగం. ఇక్కడ శరీర స్పృహ రోగానికి మందుగా కాక చదువులో భాగంగా మారింది.

5. వెల్లూరు, తిరుపతి: పోయినదాన్ని తిరిగి నేర్పడం

ఆరోగ్యవంతులైన పిల్లలకు గమనించడం నేర్పవచ్చు. గమనించడానికి స్పర్శే లేనివారి మాటేమిటి? ఈ ప్రశ్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ముందు నిలిచింది. కుష్ఠువల్ల శరీరం దానంతటదే కుళ్ళి, వేళ్ళు ఊడిపోతాయని అప్పట్లో నమ్మేవారు. వ్యాధి నాడులను దెబ్బతీయడం వల్ల నొప్పి తెలియదని, తెలియని గాయాలూ కాలిన పుండ్లూ ముదిరి వేళ్ళు నశిస్తాయని బ్రాండ్, ఆయన సహచరులు చూపించారు. ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదం ఆ ముల్లు మీదే నడుస్తుంది.

అందువల్ల శస్త్రచికిత్స ఒక్కటే చాలలేదు. స్నాయువును ఒకచోట నుంచి మరోచోటికి మార్చి వంకర వేళ్ళను సరిచేసిన తర్వాత, ఆ వేళ్ళను కదపడం రోగి మళ్ళీ నేర్చుకోవాలి. అందుకు ఫిజియోథెరపీ తోడయింది. స్పర్శ చేయలేని పని చూపు చేయాలి గనుక, రోజూ చేతులనూ పాదాలనూ పరీక్షించుకోవడం అలవాటు చేశారు. మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు పాదాల మీద ఒత్తిడిని తగ్గించాయి. 1955లో వెల్లూరు సమీపాన కరిగిరిలో కుష్ఠు పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. రోగిని వెలివేయడానికి కారణమైన ఒక అపోహను ఈ అవగాహన బలహీనపరిచింది.

పోలియో సమస్య దీనికి తలకిందులు. అందులో స్పర్శ ఉంటుంది, కండరం చచ్చుబడుతుంది. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో స్థాపించిన బర్డ్ ఆసుపత్రి పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేసి, క్యాలిపర్లు, కృత్రిమ అవయవాలు అందించింది. కొత్తగా క్యాలిపర్ వేసుకున్న బిడ్డ బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చడం మొదటినుంచి నేర్చుకోవాలి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది; 2014లో భారత్ పోలియోరహితంగా ధ్రువీకరణ పొందింది. అయినా సెరెబ్రల్ పాల్సీ, వెన్నుపాము గాయాలు, ప్రమాదాల వల్ల పునరావాస అవసరం తీరిపోలేదు.

6. అనుబంధ చికిత్సలు: పరిశీలించవలసిన తీరు

ప్రధాన వైద్యానికి తోడుగా వాడే పద్ధతులను అనుబంధ చికిత్సలు అంటారు. ఒక ప్రసిద్ధ వ్యక్తి ఆచరించాడన్నది వాటికి రుజువు కాదు. 1938లో కృష్ణమూర్తికి మిత్రుడైన రచయిత ఆల్డస్ హక్స్‌లీ రెండు పద్ధతులను అనుసరించాడు. వాటిలో ఒకటైన బేట్స్ కంటి వ్యాయామాలను కృష్ణమూర్తి కూడా చేసేవాడు. ఆ వ్యాయామాలకు ఆధారమైన బేట్స్ సిద్ధాంతాన్ని నేత్రవైద్య శాస్త్రం అంగీకరించలేదు. రెండవది, మెడ, వెన్ను నిలుపుకొనే తీరును గమనించి సరిచేసుకోవడం నేర్పే అలెగ్జాండర్ పద్ధతి. దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్న 579 మందిపై ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. మర్దన వల్ల కలిగిన మేలు ఏడాది తిరిగేసరికి చాలావరకు తగ్గింది. 24 అలెగ్జాండర్ పాఠాలు నేర్చుకున్నవారిలో మేలు నిలిచింది. ఈ అధ్యయనం నడుమునొప్పికి సంబంధించినదే తప్ప సమతుల్యతకు సంబంధించినది కాదు. అయినా ఒకరు చేసిపెట్టే చికిత్సకూ, మనం నేర్చుకునే విద్యకూ ఉన్న తేడాను ఇది సూచిస్తుంది.

సమతుల్యత విషయంలో బలమైన ఆధారం వ్యాయామానికే ఉంది. 2019లో వెలువడిన కొక్రేన్ సమీక్ష 108 అధ్యయనాలను పరిశీలించింది. ఇళ్ళలో నివసించే వృద్ధులు వ్యాయామం చేస్తే పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని తేల్చింది. తుంటి ఎముక విరిగి మంచాన పడే వృద్ధుల బాధ ఎరిగిన కుటుంబాలకు ఈ అంకె చిన్నది కాదు. అయితే తరచు తల తిరిగేవారు, పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు ముందుగా వైద్యుని సంప్రదించాలి. గోడనో బరువైన బల్లనో ఆసరా చేసుకొనే ఇటువంటి అభ్యాసాలు మొదలుపెట్టాలి.

7. ముగింపు

రిషివ్యాలీ, కరిగిరి, తిరుపతి ఒకే ఉద్యమానికి చెందినవి కావు. ఒకటి విద్యాలయం, ఒకటి క్రైస్తవ వైద్యసేవ నుంచి వచ్చిన సంస్థ, మరొకటి దేవస్థానం ఆసుపత్రి. అయినా మూడింటి అనుభవం ఒక విషయాన్ని బలపరుస్తోంది. సమతుల్యత నేర్చుకునే విద్య. పాదానికి స్పర్శ లేకపోతే కంటితో, కండరానికి బలం లేకపోతే క్యాలిపర్‌తో, ధైర్యం లేకపోతే గోడ ఆసరాతో దాన్ని నేర్చుకోవచ్చు. శరీర వికలతను పూర్వజన్మ ఫలంగానో, వార్ధక్యంలో పడిపోవడాన్ని తప్పనిసరిగానో భావించే సమాజంలో ఈ అవగాహనకు సామాజిక ప్రాముఖ్యం ఉంది.

సమీక్షా ప్రశ్నలు

1. రోంబర్గ్ పరీక్ష సమతుల్యత గురించి ఏమి తెలుపుతుంది?
2. బలప్రదర్శన, డ్రిల్లు పద్ధతులకూ రిషివ్యాలీ దృక్పథానికీ గల తేడాలను వివరించండి.
3. కుష్ఠు, పోలియో బాధితుల పునరావాస అవసరాలను పోల్చండి.
4. మీ గ్రామంలో లేదా వీధిలో వృద్ధులు జారిపడే అవకాశమున్న చోట్లను గుర్తించి, నివారణ చర్యలను సూచించండి.