గూఢచారి సినిమాల షోకు

గూఢచారి చిత్రాల్లో కథ మరచిపోయినా వేషం, సెట్టు, బాణీ గుర్తుండిపోతాయి. 1962 అక్టోబరులో లండన్‌లో విడుదలైన 'డాక్టర్ నో'తో ఈ హంగుకు ఒక మూస ఏర్పడింది. దాన్ని తయారుచేసింది నటుడొక్కడే కాదు. అందులో దర్జీకి, కళాదర్శకుడికి, టైటిల్స్ చేసిన మనిషికి, గిటారిస్టుకు పెద్ద వాటానే ఉంది.

మూలాలు అంతకుముందువే. ఫ్రిట్జ్ లాంగ్ 1928లో జర్మనీలో తీసిన మూకీ చిత్రం 'స్పియోనె'లో నాయకుణ్ణి 326 అన్న నంబరుతోనే పిలుస్తారు. హిచ్‌కాక్ 'నటోరియస్' (1946)లో కెమెరా మేడపై నుంచి విందు హాలంతా చూపిస్తూ కిందికి దిగి, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఆయనదే 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో గూఢచారి అని ఇతరులు పొరబడే ప్రకటనల ఉద్యోగి కేరీ గ్రాంట్. పొలాల్లో విమానం తరిమినా ఆయన ఒంటిమీది బూడిదరంగు సూటు దర్జా పోదు.

ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో నవలగా మొదలుపెట్టిన జేమ్స్‌బాండ్‌ను బ్రోకలీ, సాల్ట్‌జ్‌మన్ అనే నిర్మాతలు సుమారు పది లక్షల డాలర్లతో 'డాక్టర్ నో'గా తెరకెక్కించారు. హీరో షాన్ కానరీ ఎడిన్‌బరోలో పాలు పోసి బతికిన కార్మిక కుటుంబపు మనిషి. దర్శకుడు టెరెన్స్ యంగ్ ఆయన్ను కాండ్యుయిట్ వీధిలోని తన సొంత దర్జీ ఆంథొనీ సింక్లెయిర్ దగ్గరికి తీసుకెళ్లాడు. నడుం దగ్గర పట్టిన కోటు, బెల్టు అక్కర్లేని ప్యాంటు సిద్ధమయ్యాయి. ఒంటికి అలవాటు కావాలని ఆ సూటుతోనే పడుకోమన్నాడని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు మాయ కళాదర్శకుడు కెన్ ఆడమ్‌ది. బెర్లిన్‌లో పుట్టి, నాజీల వల్ల చిన్నతనంలోనే కుటుంబంతో ఇంగ్లండు చేరి, యుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానం నడిపిన మనిషి. ఒక సన్నివేశంలో విలన్ అనుచరుడు ప్రొఫెసర్ డెంట్ దాదాపు ఖాళీగా ఉన్న గదిలోకి వస్తాడు. పైకప్పులో పెద్ద గుండ్రటి కంత, దానికి అడ్డకమ్మీలు. ఆ కమ్మీల నీడ నేలమీద వలలా పరుచుకుని ఉంటుంది. ఒక కుర్చీ, పంజరంలో ఒక సాలీడు. విలన్ కనిపించడు, గొంతే వినిపిస్తుంది. సెట్ల ఖర్చులో చివరికి మిగిలిన చిల్లరతో కట్టిన గది ఇది. అయినా ఆ తర్వాత లక్షలు పోసి కట్టిన సెట్లు చాలావరకు దీని ముందు దిగదుడుపే. ఆడమ్‌కు చిలిపితనమూ ఉంది. 1961లో లండన్ నేషనల్ గ్యాలరీలో చోరీ అయిన గోయా చిత్రం నకలును విలన్ ఇంట్లో పెట్టించాడు.

తుపాకి గొట్టంలోంచి బాండ్ కనిపించే టైటిల్ మారిస్ బైండర్ ఆలోచన. మొదటి మూడు చిత్రాల్లో అలా తిరిగి కాల్చింది కానరీ కాదు, స్టంట్‌మాన్ బాబ్ సిమన్స్. మాంటీ నార్మన్ బాణీని జాన్ బ్యారీ వాయిద్యాలకు కూర్చాడు, విక్ ఫ్లిక్ గిటారు మీద పలికించాడు.

'గోల్డ్‌ఫింగర్' (1964) ఆస్టన్ మార్టిన్ కారును తెచ్చింది. 'యు ఓన్లీ లివ్ ట్వైస్' (1967)లో అగ్నిపర్వతం సెట్టు ఒక్కదానికే మొదటి సినిమా మొత్తానికి అయినంత డబ్బయింది. హంగు ఎక్కువై కథ పలచబడింది అక్కడి నుంచే.

దీనికి విరుగుడు కూడా సాల్ట్‌జ్‌మన్ చేతుల మీదుగానే, అంతకుముందే వచ్చింది. 'ది ఇప్‌క్రెస్ ఫైల్' (1965)లో మైకేల్ కేన్ కళ్లద్దాల గుమాస్తాలా ఉంటాడు, సూపర్‌మార్కెట్లో సరుకులు కొంటాడు, ఆమ్లెట్ వేస్తాడు. దగ్గరగా చూపిన షాట్లో గుడ్లు కొట్టే చేతులు మాత్రం నవలా రచయిత లెన్ డైటన్‌వి. సెట్లు ఆడమ్‌వే, సంగీతం బ్యారీదే.

ఈ గాలి తెలుగుకూ సోకింది. ఫ్రెంచివాళ్ల ఓఎస్ఎస్ 117 చిత్రాల ప్రేరణతో డూండీ నిర్మాణంలో, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో 1966లో 'గూఢచారి 116' వచ్చింది. నాయిక జయలలిత. అప్పటికి 'తేనె మనసులు' కుర్రాడిగానే తెలిసిన కృష్ణ ఈ ఒక్క సినిమాతో ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయాడు. 'జేమ్స్‌బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978) ఆ పేరు మీద వచ్చినవే. ఇక్కడా తెర వెనక మనిషికే పై మెట్టు దక్కింది. 'గూఢచారి 116'కు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడాది అదే కథను జితేంద్రతో 'ఫర్జ్'గా హిందీలో స్వయంగా దర్శకత్వం వహించి తీశాడు. హీరో నంబరు అందులోనూ 116.