లోకల్ బండి: బొంబాయి చరిత్రలో ఒక అధ్యాయము

మహానగరముల చరిత్రను వ్రాయువారు కోటలను, రేవులను, మిల్లులను, భవనములను విపులముగా వర్ణింతురు. ఆ భవనములలో పనిచేయువారు ప్రతిదినము అచ్చటికి ఎట్లు చేరుచున్నారను విషయమును మాత్రము ఒకటి రెండు వాక్యములతో ముగింతురు. బొంబాయి విషయములో ఇది పెద్ద లోపము. 1995లో ముంబైగా పేరు మారిన ఈ నగరమునకు లోకల్ బండి కేవలము ప్రయాణసాధనము కాదు. నగరము ఏ దిక్కునకు పెరుగవలెనో, సామాన్యుడు ఎచ్చట కాపురముండవలెనో నిర్ణయించినది అదియే. క్రిక్కిరిసిన పెట్టెలను గూర్చియు, పాతబడిన మార్గములను గూర్చియు, వేళ తప్పెడు బండ్లను గూర్చియు నేడు వినవచ్చు ఫిర్యాదులకు మూలములు ఈ చరిత్రలోనే కలవు.

భారతదేశములో సామాన్య ప్రయాణికుల రాకపోకలకై రైలు మొదట నడచినది ఇచ్చటనే. 1853 ఏప్రిల్ 16వ తేదీన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీవారి బండి 14 పెట్టెలతో, సుమారు 400 మంది అతిథులతో బోరీబందరు నుండి ఠాణాకు 34 కిలోమీటర్ల దూరము నడచెను. అయితే ఆ మార్గమును తలపెట్టినది నగరవాసుల నిత్యప్రయాణముల కొరకు కాదు. దక్కను పీఠభూమిలో పండెడు ప్రత్తిని రేవునకు చేర్చుట కంపెనీవారి ముఖ్యోద్దేశము. 1867లో బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా కంపెనీవారు పశ్చిమ తీరమున విరారు నుండి బొంబాయికి బండి నడుపసాగిరి. ఉదయము నగరమునకు వచ్చి సాయంకాలము తిరిగి పోవు బండి యది. ఆ చిన్న ఏర్పాటే క్రమముగా ఒక మహానగరపు జీవనవిధానమైనది.

బొంబాయి భూస్వరూపమును గమనించినచో ఇట్లు ఎందులకు జరిగినదో తెలియును. మూడువైపుల సముద్రముతో, ఉత్తర దక్షిణములుగా సాగిన సన్నని ద్వీపమది. కోట, రేవు, బ్యాంకులు, కచ్చేరీలు దక్షిణపు కొనయందు నిలిచినవి. జనులు నివసించుటకు మిగిలినది ఉత్తరదిక్కు ఒక్కటే. 1896లో ప్లేగు వ్యాధి వ్యాపించి ఇరుకు ఇండ్లలోని జనులను హతమార్చగా, 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. దాదరు, మాటుంగా ప్రాంతములలో క్రొత్త పేటలు వెలసినవి. గాలి, వెలుతురు గల ఇండ్లు కొందరికి లభించినవి. కాని కచ్చేరీలు కదలలేదు. అందుచేత ఉదయము అందరును దక్షిణమునకు, సాయంకాలము అందరును ఉత్తరమునకు పోవలసి వచ్చెను. ఒక దిక్కున క్రిక్కిరిసిన బండి తిరుగు ప్రయాణమున పలుచబడుట ఈ ఏర్పాటు ఫలితమే.

ఆవిరి యంత్రములతో ఈ రద్దీని మోయుట కష్టమైనది. పొగబండి ఆగిన పిమ్మట వేగమందుకొనుటకు కాలము పట్టును. స్టేషనులు దగ్గర దగ్గరగా నున్న మార్గములకు విద్యుద్బండి అనుకూలమైనది. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినసు నుండి కుర్లాకు భారతదేశములోని తొలి విద్యుద్రైలు నడచెను. 1928లో పశ్చిమ మార్గమున బోరివిలి వరకును విద్యుత్తు వచ్చినది. ఆనాడు ఎన్నుకొన్నది 1,500 వోల్టుల డి.సి. విధానము. ఆ కాలమునకు అది ఆధునికమే. కాని అదే విధానము పశ్చిమ మార్గమున 2012 వరకును, మధ్య రైల్వే మార్గములలో 2016 వరకును పూర్తిగా తొలగలేదు. తాతలనాటి ఏర్పాటు మనుమల కాలమునకు చాలకపోవుట సహజము.

స్వాతంత్ర్యానంతరము నగరము మరింత వేగముగా పెరిగినది. దేశవిభజనతో వచ్చిన సింధీ కాందిశీకులకు కల్యాణు సమీపమున ఏర్పడిన శిబిరము ఉల్హాసనగరమైనది. 1961 జనగణన నాటికి బృహద్బొంబాయి జనసంఖ్య 41 లక్షలు దాటినది. 2011 నాటికి అది 1 కోటి 24 లక్షలైనది. రైల్వేవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 9 పెట్టెల బండ్లు, 1986 నుండి 12 పెట్టెల బండ్లు, 2009 నుండి 15 పెట్టెల బండ్లు వచ్చినవి. 1992లో పశ్చిమ రైల్వే స్త్రీలకు ప్రత్యేకముగా ఒక పూర్తి బండిని నడిపినది. అయినను సుమారు 1,700 మందికై నిర్మించిన 9 పెట్టెల బండిలో రద్దీ వేళ 4,500 మందికి పైగా ప్రయాణము చేసిరి. చదరపు మీటరు స్థలములో 14 నుండి 16 మంది నిలుచుట అనగా ఏమో ఊహించుటకంటె ఒకమారు దాదరులో ఎక్కి చూచినచో బాగుగా బోధపడును.

ఈ కథలో తెలుగువారికిని భాగము కలదు. బొంబాయి కట్టడములలో రాళ్ళు మోసిన తెలుగు కూలీలను అచ్చట కామాఠీలనిరి. కామాఠీపుర మను పేరు వారివలననే వచ్చినది. తెలంగాణ నుండి వెళ్ళిన పద్మశాలీలు వర్లీ, పరేలు ప్రాంతముల బట్టల మిల్లులలో పనిచేసిరి. మిల్లు కూత వినబడు దూరములోనే చాళ్ళు; కార్మికుడు నడిచి పనికి పోయెడివాడు. వానికి లోకల్ బండితో అంతగా పనిలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున ఆరంభమైన మహాసమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొనిరి. ఆ సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఆ స్థలములలో కాలక్రమమున ఎత్తైన కార్యాలయములును, అంగళ్ళును లేచినవి. పనిపోయిన కుటుంబములలో అనేకములు దూరపు శివారులకు తరలినవి. క్రొత్త కార్యాలయములలోని ఉద్యోగులు ఆ శివారులనుండియే రాసాగిరి. ఒకనాడు నడిచిపోయెడు దూరములో నున్న పనిస్థలము ఇప్పుడు గంట, గంటన్నర ప్రయాణమైనది.

ఈ మార్పును నగరము గ్రహించినను స్టేషనులు గ్రహింపలేదు. మిల్లుల నడుమ నున్న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషనులో ఉద్యోగుల రద్దీ అనేక రెట్లు పెరిగినను, పరేలు స్టేషనుతో కలుపు పాదచారుల వంతెన మాత్రము ఇరుకుగానే మిగిలినది. 2017 సెప్టెంబరు 29 ఉదయము వాన కురియుచుండగా ఆ వంతెనపై తొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి. వారు ఉత్సవమునకు వచ్చినవారు కారు, ఆఫీసునకు పోవుచున్నవారు. పిమ్మట సైన్యము కొలది నెలలలోనే క్రొత్త వంతెనను నిర్మించినది. 2018 ఫిబ్రవరిలో అది తెరువబడెను. ఆ సంవత్సరముననే స్టేషనుకు ప్రభాదేవి అని పేరు మారెను. నెలలలో ముగియగల పని అన్నియేండ్లు ఆగుటయే ఈ దుర్ఘటనలోని చేదు పాఠము.

సహనము నశించిన దినములును కలవు. 2015 జనవరి 2న బండ్లు నిలిచిపోగా దివా స్టేషనులో ప్రయాణికులు పట్టాలపైకి వచ్చిరి, రాళ్ళు రువ్విరి. మోటారుమన్ ఒకరు గాయపడగా తోటివారు పనిమానిరి, నగరమంతయు స్తంభించినది. కోపమునకు కారణము న్యాయమైనదే కాని అది తగిలినది కారకులకు కాదు. 2022 ఆగష్టులో సామాన్య బండ్ల స్థానమున ఎక్కువ ఛార్జీగల చల్లగాలి బండ్లు వచ్చినపుడు కళవా, బద్లాపూరు ప్రయాణికులు అడ్డుపడిరి. మధ్య రైల్వే వాటిలో కొన్నింటిని ఉపసంహరించుకొనెను. సౌకర్యము కావలెను, కాని అది అందరి చేతికి అందునదై యుండవలెనని వారి వాదము.

పెద్ద పనులు జరుగలేదనుట సత్యము కాదు. 1999లో ముంబై రైల్వే వికాస్ కార్పొరేషన్ ఏర్పడినది. దూరపు బండ్లును లోకల్ బండ్లును ఒకే పట్టాలపై తోసుకొనుటయే ఆలస్యములకు ఒక ముఖ్యకారణము. దానిని తొలగించుటకు తలపెట్టిన ఠాణా–దివా అయిదవ, ఆరవ మార్గములు 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనవి. పథకమునకు అనుమతి 2008 నాటిది. ఈ నడిమి కాలములో శివారులు ఆగలేదు. 2023లో ఈ మార్గములపై 2,590 మంది ప్రాణములు కోల్పోయిరి. పట్టాలు దాటుచు మరణించినవారును బండ్లనుండి జారిపడినవారును వీరిలో కలరు. సగటున దినమునకు ఏడుగురన్నమాట. 2025 జూన్ 9న ముంబ్రా మలుపువద్ద రెండు బండ్లు ఎదురెదురుగా దాటుచుండగా ద్వారములవద్ద వ్రేలాడుచున్నవారు పడి కొందరు మరణించిరి. తరువాతనే క్రొత్త బండ్లన్నింటికి తామే మూసికొను తలుపులు అమర్చెదమని రైల్వేవారు ప్రకటించిరి.

ఇన్ని సంవత్సరములు చేసిన చికిత్స యంతయు బండికే. పెట్టెలు పెరిగినవి, పట్టాలు పెరిగినవి. ఇంటికిని పనికిని నడుమ గల దూరమునకు గాని, అందరును ఒకేవేళ పనికి చేరవలెనను నియమమునకు గాని తగినంత చికిత్స జరుగలేదు. ఈ రెండవదానిలో ప్రభుత్వ కార్యాలయములకు భాగము కలదు. యాంటాప్ హిల్ క్వార్టర్లవంటి నివాసములు కొందరికి దగ్గరలో దొరకినను, తక్కినవారు సీజను టిక్కెట్టు పట్టుకొని కల్యాణు, విరారులనుండి రావలసినదే. హాజరుపట్టీ ఎదుట అందరి గడియారము ఒకటే. 2023లో మధ్య రైల్వే ముంబైలోని తన కార్యాలయ సిబ్బందికి రెండు వేర్వేరు వేళలను ఏర్పరచి, తక్కిన కార్యాలయములును అట్లే చేయవలెనని కోరెను. ఖర్చు లేని చికిత్స యిది.

తెలుగుదేశమునకును ఈ పాఠము పనికివచ్చును. హైదరాబాదులో 2003 ఆగష్టు 9న ఎం.ఎం.టి.ఎస్. బండ్లు ఆరంభమైనవి. అవియును దూరపు బండ్ల మార్గములలోనే నడువవలసి వచ్చుటచే వేళపాలనకు బొంబాయి చిక్కులే ఎదురైనవి. అచ్చటి కార్యాలయములును నగరమునకు ఒక ప్రక్కననే పెరుగుచున్నవి. పట్టాలు ముందు, ఇండ్లు పిమ్మట, కార్యాలయములు రెండింటికి అందుబాటులో ఉండవలెనని బొంబాయి నూటడెబ్బది ఏండ్ల అనుభవము చెప్పుచున్నది. అచ్చట ఈ క్రమము తలక్రిందులైనది. దాని మూల్యమును రోజూ ఉదయము 8 గంటల బండి ద్వారమున వ్రేలాడు చిరుద్యోగి చెల్లించుచున్నాడు.