పెటిపా చూడని భారతదేశం

మారియస్ పెటిపా 1818లో ఫ్రాన్సులోని మార్సేయ్ నగరంలో జన్మించాడు. 1847లో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, రష్యన్ బాలేకు రూపురేఖలు దిద్దాడు. 1890 నాటి 'స్లీపింగ్ బ్యూటీ' ఆయన కూర్పే. 1895 నాటి 'స్వాన్ లేక్'లో హంసల సరస్సు ఘట్టాలు మాత్రం ఆయన సహాయకుడు లెవ్ ఇవనోవ్‌వి.

నన్ను ఆలోచింపజేసేది 1877 నాటి 'లా బయదేర్'. అందులో నాయిక నికియా దేవాలయ నర్తకి. భారతదేశాన్ని ఎన్నడూ చూడని పెటిపా, శ్వేతాంబరాలతో వరుసగా దిగివచ్చే ఛాయామూర్తుల నడుమ ఆమెను నిలిపాడు. ఆ బాలే నేటికీ ప్రపంచ రంగస్థలాలపై సాగుతోంది.

ఇక్కడ 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ అంకితంతోపాటు గుడిలో వారి నాట్యాన్నీ నిషేధించింది. కోస్తా, రాయలసీమలు అప్పుడు మద్రాసు పాలనలోనివే. దురాచారం పోవలసిందే, కానీ ఆ కళను మోసిన స్త్రీల పేర్లు మనలో ఎందరికి తెలుసు, మిత్రులారా?