చేతిలో మిగిలిన తాడు

గాలం వేట మీద ఇంగ్లీషులో పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిల్లో ఒక చిన్న సమస్య మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: నీళ్ళల్లో నిలబడి గాలం విసిరేవాడు చేతిలో మిగిలిన దారాన్ని ఏం చేయాలి? ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగకి బరువుండదు. దాన్ని దూరానికి మోసుకెళ్ళేది దారం బరువే. అందుకని దారాన్ని ముందే చక్రం నుంచి లాగి పెట్టుకోవాలి. నీళ్ళల్లో వదిలేస్తే ప్రవాహానికి కాళ్ళకి చుట్టుకుంటుంది, విసిరినప్పుడు సాఫీగా లేవదు. అందుకే ఎడమచేతిలో మొదటి చుట్ట పెద్దగా, తర్వాతవి చిన్నగా పట్టుకుంటారు. కొందరు నడుముకి బుట్ట కట్టుకుని అందులో పోసుకుంటారు.

ఇది మరీ పాత సమస్యేం కాదు. సుమారు 1800 ఏళ్ళ కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాలో ఎర్ర ఉన్ని, ఈకలు కట్టి చేపలు పట్టేవాళ్ళ గురించి రాశాడు. కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే. కర్ర కొసకే కట్టిన దారంలో మిగిలేదేముంటుంది? దారం చుట్టే చక్రం చైనాలో 1195 ప్రాంతపు మా యువాన్ చిత్రంలో కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లోకి 1651లో థామస్ బార్కర్ రచనతో వచ్చింది. చక్రం వచ్చాకే చేతిలో దారం మిగలడం మొదలైంది.

విసురు వల సంగతి అలా కాదు. మత్తయి సువార్తలో పేతురు, అంద్రెయ గలిలయ సముద్రంలో వేసిన వలకి గ్రీకులో వాడిన మాటకి అర్థం 'చుట్టూ పడేలా విసిరేది' అని. విసిరే వలకి తాడు ఉండాల్సిందే. అంటే ఈ సమస్య వలతోపాటే పుట్టింది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు జీవనది లేదు. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన ప్రాంతం అది. అక్కడ చేపలంటే వాన పడితే నిండే చెరువులవే. అలాంటి చెరువులో వల విసిరే మనిషి తాడు చివరి ఉచ్చుని మణికట్టుకి తగిలించుకుని, మిగిలిన తాడుని అదే చేతిలో చుట్టలుగా పట్టుకుంటాడు. వల అంచుని కొంత మోచేతి మీద వేసుకుంటాడు. ఒక గుండుని పళ్ళతో కరిచిపట్టేవాళ్ళూ ఉన్నారు. ఒళ్ళు తిప్పి విసిరితే వల గుండ్రంగా విచ్చుకోవాలి. చుట్ట చిక్కుపడితే తాడు మధ్యలోనే గుంజుతుంది, వల ముద్దగా పడుతుంది.

చెరువులో ప్రవాహం లేకపోయినా బురద ఉంటుంది, తుమ్మ మొద్దులుంటాయి. ఉచ్చు లేకపోతే వల పోతుంది. ఉచ్చు బిగుసుకుపోయి, వల మొద్దుకి తగులుకుని, కాలు గుంతలో పడితే మనిషే పోవచ్చు. గాలం దొరకి దారం చిక్కుపడితే ఆ పూట చేప తప్పుతుంది, అంతే. ఇక్కడ తాడు ప్రాణం మీది లెక్క.

మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అచ్చు వేశాడు. 1887లో మన చెరువుల్లో గాలం వేట మీదే ఇంకో పుస్తకం రాశాడు. సరదాగా వేటాడినవాళ్ళకి తీరిక ఉంది, అచ్చు ఉంది. ముదిరాజులు, గంగపుత్రులు తరాలుగా నేర్చింది మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది. వాళ్ళు రాయలేదని కాదు, వాళ్ళని అడిగి రాసుకోవాలని చదువుకున్నవాళ్ళకి తోచలేదని నాకనిపిస్తుంది.

2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది. మంచిదే. అయితే పెంచిన చేపల్ని ఒక్కసారిగా పట్టాలంటే పదిమంది కలిసి లాగే పెద్దవలే నయం. ఒంటరిగా మోకాలి లోతులో నిలబడి విసిరే పని తగ్గేకొద్దీ, దాన్ని చూసి నేర్చుకునే పిల్లలూ తగ్గుతారు. ఎన్ని మూరల తాడు, ఎన్ని చుట్టలు, ఏ వేలి మీదుగా వదలాలి, ఉచ్చు ఎంత వదులుగా ఉండాలి: కనీసం ఇంతవరకైనా, తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టాలి.