ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వవిచారమున హేతుదోషములు

ఆంధ్రశబ్దచింతామణి తెనుఁగుభాషకు సంస్కృతమున రచింపఁబడిన వ్యాకరణము. ఆర్యావృత్తములలో నున్న యీ గ్రంథము సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యను నైదు పరిచ్ఛేదములు గలది. పదునొకండవ శతాబ్దిని రాజరాజనరేంద్రుని యాస్థానమున భారతమును దెనిఁగింప నారంభించిన నన్నయభట్టే దీనికిఁ గర్త యని పండితులు చిరకాలము నమ్మిరి. పదునేడవ శతాబ్దిని ఎలకూచి బాలసరస్వతి దీనికిఁ దెనుఁగుటీక వ్రాసెను. కాకునూరి అప్పకవి 1656లో దీనిని వివరింపఁబూని అప్పకవీయమును రచించెను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునకును నిది యుపజీవ్యము. ఇట్టి గ్రంథము నన్నయది కాదని యాధునిక పరిశోధకులలోఁ బెక్కుమంది నిర్ణయించిరి. ఆ నిర్ణయ మటుండ, ఇరుపక్షములవారును జూపిన హేతువులను న్యాయశాస్త్రపు టొరగంటిపై గీసి చూచుట యావశ్యకము. సరియైన నిర్ణయమునకును దప్పు హేతువు చూపఁబడవచ్చును. హేతువు చెడినంత మాత్రాన నిర్ణయము చెడదు.

గౌతముని న్యాయసూత్రములు హేత్వాభాసము లైదని చెప్పుచున్నవి. ఆంధ్రుఁడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు బాలుర కొఱకు రచించిన తర్కసంగ్రహమున వానిని సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము నని విభజించెను. సాధ్యము లేనిచోటను హేతువుండిన నది సవ్యభిచారము. హేతువు పక్షమున నసలే లేకున్న నది స్వరూపాసిద్ధము. ప్రబలమైన వేఱొక ప్రమాణము సాధ్యాభావమును దెలిపిన హేతువు బాధితము. ఈ లక్షణములు పాఠశాలలో పర్వతము, పొగ, నిప్పు నను నుదాహరణములతోడనే ముగియుచుండును. గ్రంథకర్తృత్వ విచారము వీనికిఁ దగిన పరీక్షాక్షేత్రము.

నన్నయపక్షమువారి మొదటి హేతువు శబ్దశాసనబిరుదము. భారతావతారికలో నన్నయ విపులశబ్దశాసనుఁడుగా వర్ణింపఁబడెను. కావున నతఁడు తెనుఁగు వ్యాకరణమును రచించె నని వారి వాదము. ఇందు వ్యాప్తి యేది? శబ్దశాసనుఁ డనఁబడిన ప్రతివాఁడును దెనుఁగు వ్యాకరణకర్త యని నిర్ణయించుటకు దృష్టాంతము లేదు. సంస్కృత వ్యాకరణమునఁ బ్రౌఢుఁడైన వానికిని నీ పదము తగును. కావున హేతువు సవ్యభిచారము. రెండవ హేతువు ఉభయభాషాపాండిత్యము. నన్నయ సంస్కృతరచనయందు సమర్థుఁ డనుటకు 1053 నాఁటి నందంపూఁడి శాసనమే సాక్ష్యము. అయినను నీ పాండిత్యము తిక్కనకును గలదు, బాలసరస్వతికిని గలదు. పలువురకు సాధారణమైన గుణము వారిలో నొక్కనిని గర్తగా నిలుపఁజాలదు.

మూఁడవది కథ. నన్నయ తన రాఘవపాండవీయము నడఁచెనని భీమకవి కోపించి చింతామణిని గోదావరిలోఁ గలిపె ననియు, రాజరాజనరేంద్రుని కుమారుఁడు సారంగధరుఁడు బాల్యముననే దానిని నేర్చి, పిదప సిద్ధుఁడై జీవించి బాలసరస్వతి కొసఁగె ననియు అప్పకవి తన స్వప్నవృత్తాంతమునఁ జెప్పెను. ఈ కథకు వాదమునఁ గల స్థానము గమనింపఁదగినది. నన్నయ వ్యాకరణమును నన్ని శతాబ్దులు లోకమేల యెఱుఁగదను ప్రశ్నకు నిది సమాధానము. కాని గ్రంథము నన్నయ దని యంగీకరించినవారికే యీ సమాధానముతోఁ బని. సాధ్యమువలెనే తానును సాధింపఁదగిన దగుటచే నిది సాధ్యసమము. పదునొకండవ శతాబ్ది రాజకుమారుఁడు పదునేడవ శతాబ్ది పండితునకు గ్రంథ మిచ్చుట లోకానుభవముచే బాధితమును.

ఇంతవఱకు ఖండనము సులభము. అయితే ఖండించిన పిమ్మటఁ గొందఱు తొట్రుపడిరి. కథ యసత్యము గావున గ్రంథము నన్నయది కా దనిరి. కొండపై మంచును జూచి పొగ యని భ్రమించి నిప్పును సాధింపఁబోయినవానికి 'అది మంచు' అని చూపుట ధర్మమే. అంతమాత్రాన నా కొండపై నిప్పు లేదని తేలదు. నన్నయపక్షపు హేతువులు చెడినవి గావున నన్నయకర్తృత్వము నిరూపింపఁబడలేదనుట యొకటి. నన్నయ కర్త కానేకాఁడనుట వేఱొకటి. రెండవదానికి వేఱు హేతువు కావలయును.

ఆ హేతువు కేతన వాక్యమునఁ గొంత లభించును. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, తన ఆంధ్రభాషాభూషణమున, అంతకుముం దెవ్వరును దెనుఁగునకు లక్షణము సెప్పలేదని చెప్పికొనెను. ఇది కవిప్రౌఢోక్తి యని ప్రతిపక్షులు త్రోసివేయఁజూచుదురు. ఇట భాట్టమీమాంసకుల యనుపలబ్ధివిచార ముపకరించును. కానరాకుండుట మాత్రముచే నభావము సిద్ధింపదు. ఉన్నచోఁ గానరావలసిన వస్తువు కానరానప్పుడే యభావము సిద్ధించును. చీఁకటింటఁ గుండ కానరాలే దనుట ప్రమాణము గాదు. వెలుఁగున్న యింటఁ గానరాలే దనుట ప్రమాణము. నన్నయ విడిచిన భారతమును బూరించిన తిక్కన వలయమున నున్నవాఁడు కేతన. వ్యాకరణమే రచించుచున్నవాఁడు. నన్నయ వ్యాకరణ ముండినచో నెఱుఁగఁదగినవారిలో నతఁడు మొదటివాఁడు. కావున నతని మాట వెలుఁగున్న యింటి మాట. గోదావరికథ యీ వెలుఁగు నార్పుటకే యవసరమైనది. ఆ కథ నిలువనందునఁ గేతన వాక్యమునకు బలము హెచ్చినది.

ఇఁక భాషాప్రయోగములఁ బట్టి చేయు విచారము. చింతామణి సూత్రములకు నన్నయ ప్రయోగములు సరిపడుచున్నవి, కావున నిరువురు నొక్కఁడే యనుట మిక్కిలి యపాయకరమైన హేతువు. సరిపడుట మాత్రముచే నేకకర్తృత్వము రాదు; నన్నయ ప్రయోగములఁ జూచి పిదపటివాఁడు సూత్రములు కట్టినను నవి సరిపడును. అంతకు మించిన దోషమొకటి కలదు. చింతామణి నన్నయ దని నమ్మిన లేఖకుఁడో పరిష్కర్తయో సూత్రవిరుద్ధమైన రూపమును దప్పని దిద్దినచో, ఆ దిద్దిన పాఠమే మరల నేకకర్తృత్వమునకు సాక్ష్య మగును. ఇది యన్యోన్యాశ్రయము. ఇట హేతుదోషము వాదముతో నాఁగక మూలగ్రంథమునే మార్చివేయును. కవి వాడిన రూపము పోయి, వైయాకరణుఁడు కోరిన రూపము మిగులును.

ఈ దోషమునుండి తప్పించుకొనుటకు శాసనములే శరణ్యము. 848 నాఁటి పండరంగని అద్దంకి శాసనము, పదియవ శతాబ్దిపు యుద్ధమల్లుని బెజవాడ శాసనము, రాజరాజనరేంద్రుని కాలపు శాసనములు లేఖకపరంపరచే దిద్దఁబడినవి కావు. రాతిపై నిలిచిన రూపములతో భారతపు ప్రతులను, ఆ రెంటితోఁ జింతామణి సూత్రములను బోల్చి చూచినఁగాని ప్రయోగవిచారమునకుఁ బ్రామాణ్యము రాదు.

పరపక్షమును దూషించి స్వపక్షమును స్థాపింపని కథను నైయాయికులు వితండ యనిరి. తత్త్వనిర్ణయము గోరి చేయునది వాదము. నన్నయకర్తృత్వమును సాధించు హేతువులు నిలువవనుట సిద్ధము. అతఁడు కర్త కాఁడనుటకుఁ గేతన వాక్యము ప్రబలహేతువు. ఈ రెండు మాటలను గలిపి యొకటిగాఁ జెప్పక వేర్వేఱుగాఁ జెప్పుటయే యీ విచారమున న్యాయము. చింతామణికి నన్నయ పేరు తొలఁగినంతమాత్రాన దాని శాస్త్రగౌరవము తొలఁగదు. ఎవ్వఁడు రచించినను నది తెనుఁగు వ్యాకరణమునకు మార్గము చూపిన గ్రంథమే.